ఆట, వయసు, శరీరపు హద్దులు

విద్యార్థులారా! ఈ పాఠంలో మనం ఆటల్లో వయసు పాత్ర గురించి తెలుసుకుందాం. వయసు పెరిగేకొద్దీ శరీరం కొన్ని హద్దులు పెడుతుందని అందరికీ తెలుసు. అయితే ఆ హద్దులు ఎక్కడ ఉంటాయి? ఎందుకు ఏర్పడతాయి? వాటిని ఒప్పుకోవడమంటే ఆట మానేయడమేనా? ఈ ప్రశ్నలకు చాలామంది దగ్గర స్పష్టమైన జవాబు ఉండదు.

“మాకింకా పద్దెనిమిదేళ్లే కదా, ఇదంతా మాకెందుకు?” అని మీరు అడగవచ్చు. అందుకు రెండు కారణాలున్నాయి. మొదటిది మీ ఇంట్లోనే ఉంది. పదిహేనేళ్లుగా బంతి ముట్టని 45 ఏళ్ల నాన్నగారు సంక్రాంతికి ఊళ్లో వాలీబాల్ ఆడడానికి దిగుతారు, సాయంత్రానికి కుంటుతూ ఇంటికి వస్తారు. అదే ఇంట్లో అమ్మ “నాకు వయసైపోయింది” అంటూ నడవడమే తగ్గించేస్తుంది. ఇద్దరూ వయసును తప్పుగా అర్థం చేసుకున్నవారే. రెండో కారణం మీ భవిష్యత్తు. మీలో కొందరైనా క్రీడలనే వృత్తిగా ఎంచుకోవాలనుకుంటారు. చాలా ఆటల్లో ఆ వృత్తి 35 ఏళ్ల ప్రాంతంలో ముగుస్తుంది. మిగతా ఉద్యోగాల్లో అప్పటికి సగం సర్వీసు కూడా పూర్తి కాదు. ఈ సంగతి ముందే తెలిసి ఉండడం మంచిది.

శరీరంలో ఏం మారుతుంది?

ముందుగా గుండెను తీసుకుందాం. బాగా కష్టపడి పరుగెత్తినప్పుడు గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకోగలదో దానికి ఒక పైహద్దు ఉంటుంది. దీనిని గరిష్ఠ హృదయ స్పందన రేటు అంటారు. 2001లో ప్రచురితమైన ఒక సూత్రం ప్రకారం వయసును 0.7తో గుణించి, వచ్చినదాన్ని 208 నుంచి తీసివేస్తే ఈ రేటు సుమారుగా తెలుస్తుంది. 20 ఏళ్లవారికి 194, 50 ఏళ్లవారికి 173 వస్తుంది. ఇది సగటు లెక్క మాత్రమే. ఒకే వయసువారిలో కూడా ఈ సంఖ్య అటూ ఇటూగా ఉంటుంది. సాధన వల్ల గుండె బలపడుతుంది గాని, ఈ పైహద్దు తగ్గడం మాత్రం ఆగదు.

ఇక ఆక్సిజన్ సంగతి. ఊపిరితిత్తులు తీసుకున్న ఆక్సిజన్‌ను గుండె రక్తం ద్వారా పంపుతుంది, కండరాలు దానిని వాడుకుంటాయి. శరీరం ఒక నిమిషంలో అత్యధికంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో ఆ పరిమాణాన్ని ‘వీఓటూ మ్యాక్స్’ అంటారు. దూరపు పరుగులు, సైక్లింగ్, ఈత వంటి వాటికి ఇదే పునాది. వ్యాయామం లేనివారిలో ఇది 30 ఏళ్ల తర్వాత ప్రతి పదేళ్లకూ సుమారు 10 శాతం చొప్పున తగ్గుతుంది. సాధన మానకుండా కొనసాగించేవారిలో ఈ తగ్గుదల నెమ్మదిగా ఉంటుంది.

కండరాల విషయంలో ఒక ముఖ్యమైన తేడా గమనించండి. మన కండరాల్లో ప్రధానంగా రెండు రకాల తంతువులుంటాయి. నెమ్మదిగా సంకోచించి చాలాసేపు అలసిపోకుండా పనిచేసేవి కొన్ని. వేగంగా, బలంగా సంకోచించి త్వరగా అలసిపోయేవి మరికొన్ని. గంటసేపు నడవడానికి మొదటి రకం, ఎగిరి స్మాష్ కొట్టడానికి రెండో రకం ఎక్కువగా ఉపయోగపడతాయి. 30 ఏళ్లు దాటాక కండరాల పరిమాణం పదేళ్లకు 3 నుంచి 8 శాతం వరకు తగ్గుతుందని అంచనా. 60 దాటాక ఆ వేగం ఇంకా పెరుగుతుంది. అయితే ఈ నష్టం రెండు రకాల్లో సమానంగా ఉండదు. వేగంగా పనిచేసే తంతువులే ఎక్కువగా కుంచించుకుపోతాయి. అందుకే వయసు ముందు మెరుపు వేగాన్ని, తర్వాత బలాన్ని, చివరగా ఓపికను తీసుకువెళుతుంది.

మరో మార్పు కీళ్ల దగ్గర జరుగుతుంది. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండాన్లు వయసుతో పాటు సాగే గుణాన్ని కొంత కోల్పోతాయి. ఎముకల చివరలను కప్పి ఉండే మృదులాస్థి అరుగుతుంది. మృదులాస్థిలో రక్తనాళాలు ఉండవు కాబట్టి అది ఒకసారి దెబ్బతింటే తిరిగి బాగుపడడం చాలా కష్టం. వీటన్నిటికీ తోడు, శ్రమ తర్వాత శరీరం కోలుకోవడానికి పట్టే సమయం పెరుగుతుంది. ఇరవై ఏళ్లప్పుడు ఒక్క రాత్రి నిద్రతో తీరిన అలసట నలభై ఏళ్లకు రెండు మూడు రోజులు ఉండిపోవచ్చు.

అన్ని ఆటలకూ ఒకే వయసు కాదు

వేగం ముందు, ఓపిక తర్వాత తగ్గుతుందని చెప్పుకున్నాం కదా! ఈ సూత్రాన్ని ఆటలకు అన్వయించి చూడండి. ఉసేన్ బోల్ట్ 2009లో బెర్లిన్‌లో 100 మీటర్ల పరుగును 9.58 సెకన్లలో పూర్తి చేసి ప్రపంచ రికార్డు సృష్టించారు. అప్పటికి ఆయనకు 23 ఏళ్లు నిండడానికి ఇంకా కొద్ది రోజులుంది. 2017లో లండన్ ప్రపంచ పోటీల్లో, 30 ఏళ్ల వయసులో, 9.95 సెకన్లతో కాంస్యం దక్కింది. తేడా సెకనులో మూడో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. కాని ట్రాక్ మీద ఈ తేడా 3 మీటర్లకు పైగానే ఉంటుంది. గాయాలకు, సాధనకు కూడా ఇందులో వాటా ఉంటుంది. అయినా ప్రపంచంలో అత్యంత వేగవంతుడిని కూడా ముప్పై ఏళ్ల వయసు వదిలిపెట్టలేదన్నది నిజం.

దీనికి భిన్నంగా కెన్యా పరుగు వీరుడు ఎలియుడ్ కిప్చోగే 2022లో, 37 ఏళ్ల వయసులో, 2 గంటల 1 నిమిషం 9 సెకన్లలో మారథాన్ పూర్తి చేసి అప్పటి ప్రపంచ రికార్డును నెలకొల్పారు. గురి, స్థిరత్వం ప్రధానమైన షూటింగ్‌లో హద్దు ఇంకా దూరంగా ఉంటుంది. స్వీడన్ షూటర్ ఆస్కార్ స్వాన్ 1920 ఆంట్వెర్ప్ ఒలింపిక్స్‌లో 72 ఏళ్ల వయసులో జట్టు విభాగంలో రజతం అందుకున్నారు. కాబట్టి “ఆటలకు వయసు ఎంత?” అన్న ప్రశ్న సరైనది కాదు. “ఏ ఆటకు, ఆ ఆటలో ఏ పనికి?” అని అడగాలి.

వయసు తీసుకున్నది, మనం వదులుకున్నది

ఇప్పుడు పాఠంలో అతి ముఖ్యమైన విషయానికి వద్దాం. ఒక వ్యక్తి 50 ఏళ్లకు మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడనుకోండి. అది వయసు వల్లేనా, లేక ముప్పై ఏళ్లు కుర్చీలో కూర్చున్నందువల్లా? ఈ రెండింటినీ విడదీసి చూపిన ఒక ప్రసిద్ధ ప్రయోగం ఉంది.

1966లో అమెరికాలోని డల్లాస్‌లో శాస్త్రవేత్తలు 20 ఏళ్ల వయసున్న ఐదుగురు ఆరోగ్యవంతులైన యువకులను మూడు వారాలపాటు మంచం మీదే పడుకోబెట్టారు. ఆ మూడు వారాల్లో వారి వీఓటూ మ్యాక్స్ సుమారు నాలుగో వంతు పడిపోయింది. తర్వాత వారికి కఠినమైన సాధన ఇచ్చి కోలుకునేలా చేశారు. అక్కడితో ప్రయోగం ముగియలేదు. ముప్పై ఏళ్ల తర్వాత, ఆ ఐదుగురికీ 50 ఏళ్లు వచ్చాక, వారిని మళ్లీ పిలిచి పరీక్షించారు. ఈ ముప్పై ఏళ్లలో వారి శరీర బరువు సగటున 25 శాతం పెరిగింది. కాని వీఓటూ మ్యాక్స్ తగ్గింది మాత్రం సుమారు 11 శాతమే. అంటే ముప్పై ఏళ్ల వయసు చేసిన నష్టం కంటే మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువ!

తర్వాత ఏం జరిగిందో చూడండి. ఆ 50 ఏళ్లవారికి ఆరు నెలలపాటు క్రమంగా పెంచుతూ నడక, పరుగు, సైక్లింగ్ వంటి సాధన ఇచ్చారు. వారు 20 ఏళ్ల వయసులో ప్రయోగం మొదలైనప్పుడు ఉన్న స్థాయికి తిరిగి చేరుకున్నారు. అయితే 1966లో సాధన తర్వాత అందుకున్న అత్యున్నత స్థాయిని మాత్రం వారిలో ఒక్కరూ అందుకోలేకపోయారు. పైగా 50 నుంచి 60 ఏళ్ల మధ్య వారి శక్తి మరింత వేగంగా తగ్గింది.

ఐదుగురితో చేసిన చిన్న ప్రయోగమే అయినా ఇది రెండు సత్యాలను ఒకేసారి చూపుతుంది. వయసు మన సామర్థ్యానికి ఉన్న పైకప్పును కిందికి దించుతుంది. దానిని మనం ఆపలేం. కాని మనలో చాలామంది ఆ పైకప్పుకు ఎంతో కిందనే బతుకుతుంటారు. ఆ మధ్యలోని ఖాళీ వయసు వల్ల వచ్చింది కాదు, కదలకపోవడం వల్ల వచ్చింది. దానిని ఏ వయసులోనైనా కొంతవరకు పూడ్చవచ్చు.

‘ఏ వయసులోనైనా’ అన్న మాటకు ఆధారం కూడా ఉంది. 1990లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో సగటున 90 ఏళ్లున్న, వృద్ధాశ్రమంలో నివసించే 10 మందితో 8 వారాలపాటు వైద్యుల పర్యవేక్షణలో కాళ్లతో బరువులు ఎత్తించారు. వారి కాలి కండరాల బలం సగటున 174 శాతం పెరిగింది. అంటే మొదట్లో ఉన్నదానికి రెండున్నర రెట్లకు పైగా పెరిగిందన్న మాట. వారు యువకులు కాలేదు. కాని కుర్చీలోంచి లేవడం, నడవడం వంటి పనులకు కావలసిన బలం వారికి తిరిగి దక్కింది.

హద్దును ఒప్పుకున్న ఆటగాళ్లు

ఇప్పుడు హద్దును ఒప్పుకోవడమంటే ఏమిటో కొందరి జీవితాల నుంచి చూద్దాం. అందరూ ఒకే దారి ఎంచుకోలేదని మీరు గమనిస్తారు.

కొందరు ఆటను తమ శరీరానికి తగినట్టు మార్చుకుంటారు. టెన్నిస్ ఆటగాడు రోహన్ బోపన్న మోకాళ్లలో మృదులాస్థి అరిగిపోయింది. ఆయన అయ్యంగార్ యోగాను ఆశ్రయించారు, డబుల్స్ ఆట మీదే దృష్టి పెట్టారు. దీని వెనుక చిన్న లెక్క ఉంది. సింగిల్స్ కోర్టు వెడల్పు 27 అడుగులు, దానినంతా ఒక్కరే కాచుకోవాలి. డబుల్స్ కోర్టు 36 అడుగులు, కాని ఇద్దరుంటారు కాబట్టి ఒక్కొక్కరి వాటా 18 అడుగులే. పరుగు తగ్గుతుంది, సర్వీసుకు, అంచనాకు, అనుభవానికి విలువ పెరుగుతుంది. 2024 జనవరిలో మాథ్యూ ఎబ్డెన్‌తో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచినప్పుడు బోపన్నకు 43 ఏళ్లు. డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయిన అతి పెద్ద వయసు ఆటగాడు కూడా ఆయనే అయ్యారు. 2025లో ఆట నుంచి విరమించారు.

కొందరు సరైన సమయానికి పక్కకు తప్పుకుంటారు. 2012 ఆగస్టులో న్యూజిలాండ్‌తో టెస్టు సిరీస్‌కు వి.వి.ఎస్. లక్ష్మణ్ జట్టులో ఎంపికయ్యారు. మొదటి టెస్టు ఆయన సొంత ఊరు హైదరాబాద్‌లోనే. అంతకుముందు ఇంగ్లండ్, ఆస్ట్రేలియా పర్యటనల్లో ఆయన బ్యాటు నుంచి పెద్దగా పరుగులు రాలేదు. సొంత ప్రేక్షకుల ముందు వీడ్కోలు మ్యాచ్ ఆడే అవకాశం చేతిలో ఉండగానే, కొద్ది రోజుల ముందు, 37 ఏళ్ల వయసులో ఆయన రిటైర్మెంట్ ప్రకటించారు. కొత్తవారికి చోటివ్వాలనుకున్నారు. జట్టులోంచి తీసివేసేదాకా ఆగడం సులభం, పేరు జాబితాలో ఉండగానే లేచి రావడం కష్టం. తర్వాత 2021లో ఆయన బెంగళూరులోని జాతీయ క్రికెట్ అకాడమీ బాధ్యతలు చేపట్టారు.

మరికొందరు తమ విద్యను తరువాతి తరానికి అందిస్తారు. మోకాలి శస్త్రచికిత్సలను తట్టుకుని పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచారు. ప్రకాశ్ పదుకొణె తర్వాత ఆ ఘనత సాధించిన రెండో భారతీయుడు ఆయన. శరీరం సహకరించడం తగ్గాక శిక్షకుడిగా మారి హైదరాబాద్‌లోని గచ్చిబౌలిలో అకాడమీ నెలకొల్పారు. ఆయన శిక్షణలో సైనా నెహ్వాల్ 2012 ఒలింపిక్స్‌లో కాంస్యం, పి.వి. సింధు 2016 ఒలింపిక్స్‌లో రజతం తెచ్చారు. ఆటగాడిగా ఆయన అందుకోని ఒలింపిక్ పతకం గురువుగా రెండుసార్లు చూశారు.

ఇంకొందరు తమను తాము కొలుచుకునే కొలబద్దనే మార్చుకుంటారు. కెనడాకు చెందిన ఎడ్ విట్‌లాక్ 2004లో, 73 ఏళ్ల వయసులో, 2 గంటల 54 నిమిషాల్లో మారథాన్ పరుగెత్తారు. 2016లో 85 ఏళ్ల వయసులో అదే దూరానికి ఆయనకు 3 గంటల 56 నిమిషాలు పట్టింది. పన్నెండేళ్లలో గంటకు పైగా వెనకబడ్డారు. అయినా తన వయసు విభాగంలో అది ప్రపంచ రికార్డే. పాత గడియారంతో కొలిస్తే ఓటమి, తన వయసుతో కొలిస్తే విజయం.

ఒప్పుకోకపోతే ఏమవుతుంది?

హద్దును గుర్తించకపోతే శరీరమే గుర్తుచేస్తుంది. ఏళ్ల తరబడి కదలకుండా ఉండి ఒక్కసారిగా మైదానంలోకి దిగే 30 నుంచి 50 ఏళ్ల మగవారిలో మడమ వెనుక ఉండే టెండాన్ తెగడం తరచుగా కనిపిస్తుంది. మనసుకు పాత ఆట గుర్తుంటుంది, టెండాన్‌కు ఉండదు. నొప్పి మాత్ర వేసుకుని ఆడడం మరీ ప్రమాదం. నొప్పి అనేది హెచ్చరిక గంట. మాత్ర ఆ గంటను ఆపుతుంది గాని మంటను ఆర్పదు.

పట్టుదల ఒక్కటే ఉంటే చాలదని కూడా తెలుసుకోవాలి. సైనా నెహ్వాల్ పట్టుదలను ఎవరూ శంకించలేరు. 2016 రియో ఒలింపిక్స్‌లో మోకాలి గాయంతోనే ఆడారు, తర్వాత శస్త్రచికిత్స చేయించుకున్నారు. 2017లో ప్రపంచ పోటీల్లో కాంస్యం, 2018లో కామన్వెల్త్ క్రీడల స్వర్ణం గెలిచి తిరిగి నిలబడ్డారు. అయినా 2024లో, 34 ఏళ్ల వయసులో, తనకు ఆర్థరైటిస్ ఉందని, మోకాళ్లలో మృదులాస్థి దెబ్బతిన్నదని ఆమె బహిరంగంగా చెప్పారు. ఇది ఆమె వైఫల్యం కాదు. సంకల్పానికి కూడా ఒక శరీరం కావాలి, ఆ శరీరానికి అరుగుదల ఉంటుంది.

దీనికి వ్యతిరేకమైన తప్పు కూడా ఉంది. హద్దు కంటే ముందే ఆగిపోవడం. “ఈ వయసులో ఆటలేమిటి?” అని నలుగురూ అంటారని నలభై ఏళ్లకే బూట్లు అటకెక్కించేవారు వయసు అడగనిదాన్ని కూడా వయసుకు ఇచ్చేస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం 65 ఏళ్లు దాటినవారు కూడా వారానికి కనీసం 150 నిమిషాలు మధ్యస్థ శ్రమ, రెండు రోజులు కండరాల బలాన్ని పెంచే వ్యాయామం, మూడు రోజులు శరీరపు నిలకడను పెంచే వ్యాయామం చేయాలి.

మీరు ఏం చేయాలి?

మొదటిది, ఇప్పుడే పెట్టుబడి పెట్టండి. ఎముకల సాంద్రత దాదాపు 30 ఏళ్లలోపే అత్యధిక స్థాయికి చేరుకుంటుంది. పరీక్షల పేరుతో ఏడాదంతా ఆట మానేయకండి. డల్లాస్ యువకులకు మూడు వారాల్లో ఏమైందో గుర్తు తెచ్చుకోండి.

రెండోది, క్రీడాకారులు కావాలనుకునేవారు చదువును పక్కన పెట్టకండి. ఆట ముగిసిన తర్వాత కూడా మీ ముందు ముప్పై, నలభై ఏళ్ల జీవితం ఉంటుంది. శిక్షణ, వ్యాయామ విద్య, ఫిజియోథెరపీ, అంపైరింగ్ వంటి దారులు ఎన్నో ఉన్నాయి. ముందే సిద్ధపడ్డవారికి వీడ్కోలు రోజు భయంకరంగా అనిపించదు.

మూడోది, ఇంట్లో పెద్దవారికి తోడు నిలవండి. మళ్లీ ఆడాలనుకుంటున్న నాన్నగారిని ఎగతాళి చేయకండి. ఆరు వారాలు నడకతో మొదలుపెట్టి, మెల్లగా పెంచి, తర్వాత మైదానంలోకి దిగమని చెప్పండి. రక్తపోటు, చక్కెర వ్యాధి, గుండె జబ్బు ఉంటే ముందు డాక్టరును కలవాలి. ఆడుతుండగా ఛాతీలో బిగుతు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, కళ్లు తిరగడం, ఎన్నడూ లేని ఆయాసం వస్తే వెంటనే ఆట ఆపి వైద్య సహాయం తీసుకోవాలి. ఇక్కడ మొహమాటం పనికిరాదు.

గుర్తుంచుకోవలసిన విషయాలు

1. వయసుతో పాటు ముందు వేగం, తర్వాత బలం, చివరగా ఓపిక తగ్గుతాయి.
2. ప్రతి ఆటకూ వయసు హద్దు వేరుగా ఉంటుంది.
3. తగ్గినదంతా వయసు వల్ల తగ్గినది కాదు. అందులో చాలా భాగం కదలకపోవడం వల్ల తగ్గినది, అది తిరిగి రాగలదు.
4. హద్దును ఒప్పుకోవడమంటే ఆట మానేయడం కాదు. ఆటను మార్చుకోవడం, తప్పుకోవడం, నేర్పడం, కొలబద్దను మార్చుకోవడం అన్నీ ఒప్పుకోవడంలోని దారులే.

ఆలోచించండి

మీ గరిష్ఠ హృదయ స్పందన రేటును, మీ ఇంట్లో పెద్దవారి రేటును లెక్కగట్టి పోల్చండి. మీ ఇంట్లో ఒకప్పుడు ఆడి ఇప్పుడు మానేసినవారెవరైనా ఉంటే, ఏ ఆట ఆడేవారో, ఎందుకు మానేశారో అడిగి తెలుసుకోండి. వారు చెప్పిన కారణాల్లో వయసు తీసుకున్నవి ఏవి, వారే వదులుకున్నవి ఏవి అని రెండు జాబితాలు రాయండి. రెండో జాబితాలోంచి ఒక్కటైనా ఈ వారమే వారితో కలిసి మళ్లీ మొదలుపెట్టవచ్చేమో చూడండి.